పద్నాలుగేండ్ల అనుభవం

సైదాబాద్‌ల మా వాకిలి పెద్దది. మూడు దిక్కుల అర్రలు, నడుమ నల్లా, నల్లా పక్కన బట్టలుతికే బండ. మా ఆయనది ఆర్టీసీ డిపోల పని. అర్రలు కిరాయికిస్తే మనుషులుంటరు, మనుషులుంటే మాటలుంటయి అని నేనే పట్టుబట్టి ఇప్పించిన. నేను నాలుగో తరగతి దాకా చదివిన. గందుకే మా వాకిట్లకు ఏ కాయితం వచ్చినా, కరెంటు బిల్లయినా లగ్గం పత్రికయినా, ఒకసారి నా చేతిల పడందే ముందుకు పోకపోయేది. కొందరు దీన్ని పెత్తనమంటరు. అననీ. ఆ పెత్తనంతోనే ఒకసారి ఒక పిల్ల నౌకరికి గండం తెచ్చిన. ఆ పిల్ల పేరు కళావతి. ఆమె సంగతే ఇప్పుడు రాస్తున్న.

పడమటి అర్రలకు అరువై ఆరుల ఒక కుటుంబం దిగింది. మొగులయ్య, ఆయన భార్య కాశమ్మ, పదేండ్ల బిడ్డ కళావతి. మొగులయ్య బాయిలు తవ్వేటోడు. బార్కస్, బాలాపూర్ దిక్కు ఏ తోటల పాత బాయి చూసినా మొగులయ్య చెయ్యి పడ్డదేనని చెప్పుకునేటోళ్ళు. మనిషి ఎక్కువ మాట్లాడడు. కొత్త తావుకు పోతే మంచిగున్నరా అని అడగడు, "మీ బాయిల ఏం రాయి పడ్డది?" అని అడుగుతడు. వాళ్ళ పనోళ్ళల్ల అదే పలకరింపు.

కళావతి అప్పటికే ఏడాది సంది తండ్రి ఎంబడి బాయికి పోతుండె. ఆయన కింద తవ్వితే, కాశమ్మ, ఈ పిల్ల మట్టి తట్టలు మెట్ల మీదికెల్లి పైకి మోసేటోళ్ళు. నేను ఊకోలేదు. పిల్లను బడికి తోలకపోతే అర్ర ఖాళీ చెయ్యమన్న. మొగులయ్య తలకాయ గోక్కొని సరే అన్నడు. అప్పటి సంది బడి ఉన్న దినం బడికి, ఐతారం, దసరా సెలవులు, ఎండాకాలం సెలవులు బాయికి. అట్ల పెరిగింది.

సాయంత్రం బాయి నుంచి వస్తే కొంగుల నాలుగు రాళ్ళు తెచ్చి బట్టలుతికే బండ మీద వరుసగ పెట్టేది. నేను ఊకుంటనా? ఇదేందే, అదేందే అని అడుగుతుంటి. తెల్లగ మెరిసేది పలుగురాయి. పిసికితే పొడైతది మొరం. నల్లగ, సన్నగ, చేతిల బరువు తెలిసేది నల్లరాయి, అది అడ్డం పడితే నాయనకు కోపమొస్తది. గట్ల చెప్పేది. కాలేజీల ఒక లెక్చరర్ పెట్టె నిండ రాళ్ళు పెట్టి ఇవేందో తెలుసా అని అడిగితే, పిల్ల అన్నిటికీ తెలుగుల పేర్లు చెప్పిందట. ఇంగ్లీషు పేర్లు ఆయన చెప్పిండు. అట్ల రాళ్ళ చదువుల పడ్డది. ఎమ్మెస్సీ అయినంక, భూమి లోపలి నీళ్ళ జాడ తీసే సర్కారు ఆఫీసుల టెంపరరీ నౌకరి దొరికింది. ప్రతి మార్చిల మళ్ళ కాయితం రావాలె, రాకపోతే ఇంటికే. ఆ కాయితం మీద సంతకం పెట్టేటాయన వైకుంఠం సార్.

అప్పటికి బోర్లు వేసే లారీలు దిగినయి. ఆరు నెలల తవ్వే బాయి తావుల రెండు దినాలల్ల బోరు వడుతుండె. మొగులయ్యకు పని సన్నగిల్లింది. ఆ ఇంటికి ఆధారం కళావతి నౌకరే.

డెబ్బయి తొమ్మిది డిసెంబరుల యూనివర్సిటీల పెద్ద సభ పెట్టిన్రు. దేశంల రాళ్ళ గురించి, నీళ్ళ గురించి, భూకంపాల గురించి చదివినోళ్ళంత వస్తరట. అసలు సభకు ముందు రెండు దినాలు కొత్తగ నౌకర్లల్ల చేరిన పిల్లలకు శిక్షణ. సభల ఎట్ల మాట్లాడాలె, పేపరు ఎట్ల రాయాలె, పెద్దోళ్ళతోని ఎట్ల పరిచయం చేసుకోవాలె, ఒక దినం గుట్టల మీదికి తీస్కపోయి రాళ్ళు చూపిచ్చుడు. ఇదంత వైకుంఠం సార్ పెట్టించిందే. పోవాలెనంటె ఒక ఫారం నింపాలె.

ఆ ఫారం మా వాకిట్లకొచ్చింది. నల్లా కాడ కూసొని నింపుతుంటే నేను పక్కన పీట వేసుకున్న. ఇంగ్లీషుల ఉన్నది నాకు రాదు, చదివి చెప్పమన్న. పేరు, తండ్రి పేరు, చదువు. తర్వాత ఫీల్డుల పనిచేసిన అనుభవం ఎన్నేండ్లు అని ఉన్నది. కళావతి ఒకటి అని రాయబోయింది.

"ఫీల్డంటే ఏందే?" అన్న.

"ఆఫీసుల కూసొని కాదు పెద్దమ్మా, బయట రాళ్ళల్ల, బాయిలల్ల తిరిగి చేసే పని."

"మరి ఒకటేంది? తొమ్మిదో ఏట సంది బాయిల ఉన్నవ్. నీకిప్పుడు ఇరవై మూడు. లెక్క నువ్వు చేస్తవా, నన్ను చెయ్యమంటవా?"

పిల్ల నవ్వింది. అవతల అరుగు మీద బీడీ తాగుతున్న మొగులయ్య నవ్వలేదు. లేచి వచ్చి, అక్క చెప్పింది నిజమే కదా బిడ్డా అన్నడు. కళావతి కాసేపు కలం నోట్ల పెట్టుకొని ఆలోచించి, పద్నాలుగు అని అంకెల వేసింది. మొగులయ్యకు చదువు రాదు గని, గజాల లెక్క చేసేటోడు గనుక అంకెలొచ్చు. ఆ ఒకటి మీద, నాలుగు మీద వేలు పెట్టి చూసుకొని, సర్కారు కాయితంల మన బాయి పడ్డది అన్నడు. అంత పెద్ద మాట ఆయన నోట నేనెన్నడు వినలేదు.

పదిహేను దినాలకు జవాబొచ్చింది. లిఫాఫా విప్పి చదివిన కళావతి బండ మీద కూలబడ్డది. నేర్చుకునేటోళ్ళ పట్టీల ఆమె పేరు లేదు. నేర్పేటోళ్ళ పట్టీల ఉన్నది. పద్నాలుగేండ్ల అనుభవమున్న మనిషంటే ఎవరో పెద్ద ఆఫీసరనుకొని, రెండో దినం మూడో గుంపును ఫీల్డుకు తీస్కపోయి పాఠం చెప్పాలె అని రాసిన్రు. గుంపుకు పది మంది.

నాకు ముందు సంబురమనిపించింది. పిల్ల మొఖం చూసినంక సంగతి సమజైంది. అబద్ధం రాసి పెద్దమనిషి లెక్క చలామణి అయిందని పేరొస్తే మార్చిల సంతకం పడదు. అంతే సంగతి. తెల్లారే ఆఫీసుకు పోయి వైకుంఠం సార్‌కు చెప్పుకుందామనుకున్నది. సార్ ఢిల్లీల ఉన్నడు. శిక్షణ మొదలయ్యే దినం గని రాడు. గుమాస్తాను అడిగితే, పట్టీ స్టెన్సిల్ మీద టైపు కొట్టినం, కాపీలు ఊర్లకు పోయినయి, నువ్వేమన్న చెప్పుకునేదుంటే సార్‌కే చెప్పుకోమన్నడు.

శిక్షణ మొదటి దినం నేనూ ఎంబడి పోయిన. ఆడపిల్ల పొద్దుగూకెదాక కొత్తోళ్ళల్ల ఉంటదని కాశమ్మకు ఫికరు, నాకు ఆ సభ ఎట్లుంటదో చూడాలెనని. యూనివర్సిటీల రాతి మెట్లెక్కి పోతే పెద్ద హాలు. గేటు కాడ అడిగినాయనకు ఈ పిల్ల పెద్దమ్మనని చెప్పిన. వెనుక బెంచీల కూసోమన్నడు. కళావతి లోపలికి పోంగనే వైకుంఠం సార్ కోసం పోయింది. సార్ పొడుగ్గ, సన్నగ, కండ్లద్దాలు. చుట్టూ దూరం నుంచి వచ్చిన ప్రొఫెసర్లు. మూడుసార్లు దగ్గరికి పోయి "సార్, ఒక మాట" అన్నది. మూడుసార్లూ ఆయన తర్వాత, తర్వాత అని చెయ్యి ఊపిండు.

ముప్పై మంది పిల్లలు. అందరి రొమ్ముకు పేరు రాసిన అట్టముక్క, కింద ఏ ఊరో. అండ్ల ఆడపిల్లలు ముగ్గురే. పొద్దుగాల పాఠం సభల మాట్లాడుడు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఎనిమిది నిమిషాలకు ఒక ముసలి ప్రొఫెసరు ఇత్తడి గంట కొడుతడు. ఆ గంట మోగంగనే ఒకాయనకు చెమటలు పట్టినయి. ఇంకొకాయన జనానికి వీపు పెట్టి గోడకు తగిలేసిన పటానికే అంతా చెప్పిండు. హరికథ చెప్పేటాయన గోడకు చెప్తడా? మధ్యాహ్నం పాఠం పేపరు రాసుడు. చూసింది ముందు రాయాలె, దాన్నిబట్టి అనుకున్నది తర్వాత రాయాలె, రెండూ కలపొద్దు అని చెప్పిన్రు. అది హిందీల చెప్పిన్రు గనుక నాకూ సమజైంది. మా వాడకట్టుల ఈ ఒక్క పాఠం చెప్తే సగం లొల్లి తీరుతదనిపించింది.

సాయంత్రం చాయ. అందరూ నిలబడే తాగుడు. నిలబెట్టి చాయ పోసుడేందని నేను అనుకున్న గని, కాసేపు చూస్తే తెలిసొచ్చింది. అది చాయ కాదు. మన దిక్కు లగ్గాలల్ల సంబంధాలు కలుపుకున్నట్టు, ఎవరి దగ్గర ఏ పని ఉన్నది, ఎవరికి ఏ పిల్లగాడు పనికొస్తడు అని చూసుకునే తావు. ధైర్యమున్న పిల్లలు కప్పు పట్టుకొని పోయి పెద్దోళ్ళ ముంగట నిలబడి పేరు చెప్పుకుంటున్నరు. కళావతి గోడకానుకొని నిలబడ్డది. పెద్దోళ్ళు పలకరిస్తే గని పలకొద్దని పెంచినం. అక్కడ పెద్దోళ్ళు పలకరించరు, పలకరించెదాక చూస్తరు.

బస్సుల వచ్చేటప్పుడు ఎందుకే గట్ల నిలబడ్డవన్న. ఏం మాట్లాడాలె పెద్దమ్మా, నా రొమ్ము మీది అట్టముక్కే అబద్ధమైనప్పుడు, అన్నది.

"మాటకేం తక్కువ? ఏ ఊరని అడుగు. ఊరు చెప్తే బాయి అడుగు. బాయి అడిగితే రాయి అదే వస్తది. మీ నాయన అట్లనే కదా అడుగుడు" అన్న. నవ్విందో లేదో చీకట్ల కనపడలేదు.

రెండో దినం మూడో గుంపుకు ఒక బస్సు. సంతోష్‌నగర్ మీదికెల్లి బార్కస్ అవతలి గుట్టలకు పోవాలె. నేను డ్రైవరు ఎనుక సీట్ల. పది మంది కూడ కళావతి కంటే పెద్దోళ్ళే. ఒకాయన కలకత్తా, ఒకాయన నాగపూర్, ఇద్దరు మద్రాసు దిక్కోళ్ళు. విశ్వేశ్వర్ అనే ఆయన మన పాలమూరు ఆఫీసుల మూడేండ్లుగ చేస్తున్నడు. బస్సు ఎక్కినప్పటి సంది కళావతి రొమ్ము మీది అట్టముక్కను, ఆమె మొఖాన్ని మార్చి మార్చి చూస్తున్నడు.

గుట్ట రాకముందే కళావతి బస్సు ఆపమన్నది. అది సాలెం భాయ్ జామతోట. వాళ్ళ తాత అరబు దేశం నుంచి నిజాం ఫౌజుల నౌకరికి వచ్చినాయన. ఆ తోటల బాయి మొగులయ్య తవ్విందే, పదహారు గజాల లోతు. పది మందిని బాయి ఒడ్డుకు తీస్కపోయింది. గుట్టకు కదా పోవాలె అని ఒకరిద్దరు గుణిగిన్రు. అప్పుడు విశ్వేశ్వర్ నోరు తెరిచిండు.

"మేడం, పద్నాలుగేండ్ల అనుభవమట. ఉయ్యాలల ఉన్నప్పుడే మొదలుపెట్టిన్రా?"

అందరూ నవ్విన్రు. తెలుగు రానోళ్ళకు పక్కోడు చెప్పినంక వాళ్ళూ నవ్విన్రు. నేను నడుమ పోబోయిన. వాళ్ళ నవ్వు ఆగనిచ్చి కళావతి మాట్లాడింది.

"ఉయ్యాల దిగినంకనే. తొమ్మిదో ఏట" అన్నది. "తట్ట మోసిన. ఇదే బాయిల. కింద మా నాయన తవ్వుతుండె. ఆఫీసు నౌకరి ఒక్క ఏడాదే. మీకు పాఠం చెప్పేటంత దాన్ని కాదు, పట్టీల తప్పు పడ్డది. నిన్న సార్‌కు చెప్దామని మూడుసార్లు పోయిన. మీరు వేరే గుంపుల కలుస్తమంటే బస్సు ఉన్నది. దిగుతమంటే బాయి ఉన్నది."

మళ్ళ అదే మాట హిందీల చెప్పింది. అప్పటిదాక చెట్టు కింద నిలబడి వింటున్న సాలెం భాయ్ ముంగటికొచ్చిండు. "ఇస్కే బాప్ ఖోదే సో బౌలీ హై మియా. ఉత్రో, డర్నా నక్కో" అన్నడు. ఈమె తండ్రి తవ్విన బాయేనయ్యా, భయపడకుండ దిగుండ్రని. భయపడుతున్నరని ఒక ముసలాయన అన్నంక ఇగ ఎవరాగుతరు? కలకత్తా ఆయన ముందు చెప్పులు విడిచిండు.

నేను దిగలేదు. సాలెం భాయ్ ఇంట్ల ఆడోళ్ళు పెట్టిన జాంపండ్లు ఒడిల పోసుకొని బాయి ఒడ్డున కూసున్న. మాటలు అంత లోతు నుంచి గుండ్రంగ తిరిగి పైకొస్తుండె. పైన ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద చెడిన రాయి, దాని కింద పగుళ్ళ రాయి, అడుగున గట్టిరాయి. ప్రతి మెట్టు మీద ఆపి, గోడ మీద అరచెయ్యి పెట్టమన్నది. సంచిల తెచ్చుకున్న తండ్రి సుత్తెతోని కొట్టి చూపిచ్చింది. గట్టిరాయి గంట లెక్క మోగింది. పగులున్న కాడ మొద్దుగ పలికింది. విన్నది రాసుకోండ్రి, అనుకున్నది తర్వాత అన్నది. నిన్నటి పాఠం పిల్లకు బాగ తలకెక్కిందని మురిసిన.

మీ ఊళ్ళ బాయిల ఏం రాయి పడ్డదని ఒక్కొక్కరిని అడిగింది. ఇగ ఆగుతరా? మద్రాసు దిక్కోళ్ళిద్దరు వాళ్ళ వాళ్ళ ఊరి రాయి గురించి కొట్లాట పెట్టుకున్నరు. నాగపూరాయన, మా నాయన బాయిల నీళ్ళెందుకు పోయినయో ఇప్పుడు సమజైందన్నడు. అందరి కంటే ఎనుక దిగిన విశ్వేశ్వర్ అందరి కంటే ఎక్కువ సేపు కిందనే ఉన్నడు. వానకాలం ముందుగాల నీళ్ళొచ్చే పగులేదని అడిగిండు. తూర్పు గోడ, అడుగు నుంచి నాలుగో మెట్టు అని చెప్పింది. అంత ఖరారుగ ఎట్ల చెప్తున్నవంటే, పదకొండో ఏట ఆ పగులు నుంచి నీళ్ళు ఎగదన్ని నా తట్ట కొట్టుకపోయింది, అందుకని యాదుంది అన్నది.

పది మందీ పైకి ఎక్కొచ్చి మట్టి చేతులతోని జాంపండ్లు తింటున్నప్పుడు జీపొచ్చింది. అన్ని గుంపులను చూసుకుంట తిరుగుతున్న వైకుంఠం సార్ దిగిండు. గుట్ట కాడ లేరేందని అడిగిండు. కళావతి ముందుకు పోబోయింది. విశ్వేశ్వర్ ముందు మాట్లాడిండు.

"సార్, ఈమె నౌకరి అనుభవం ఒక్క ఏడాది. ఆమెనే చెప్పింది. మూడేండ్లు చేసిన నేను నేర్చుకునే పట్టీల, ఈమె నేర్పే పట్టీల. ఇది సరి కాదు సార్."

నాకు కోపమొచ్చింది గని, అతను చెప్పింది తప్పనలేను. సార్ జీపుల నుంచి ఫైలు తీసి ఫారం వెతికిండు. ఇది నువ్వు రాసిందేనా అన్నడు. నా నోట్ల జాంపండు అట్లనే ఉన్నది. నేను చెప్పితేనే రాసిందని చెప్దామని లేచిన. కళావతి నా దిక్కు చూడకుంటనే "నేనే రాసిన సార్" అన్నది.

వైకుంఠం సార్ చెడ్డ మనిషి కాదు. కండ్లద్దాలు తీసి తుడుచుకొని మెల్లగనే చెప్పిండు.

"ఫీల్డ్ అనుభవమంటే డిగ్రీ తరువాత చేసిన పనమ్మా. తెలియక రాశావు. అది కొట్టేసి ఒకటి అని రాసి సంతకం పెట్టు. ఇక్కడితో అయిపోతుంది." జేబుల కలం తీసి ఇచ్చిండు.

కళావతి కలం పట్టుకున్నది. మార్చి ఇగ మూడు నెలలున్నది. ఒక్క గీత గీస్తే సరిపోతుండె. గియ్యవే, గియ్యి అని నేను లోపల లోపల మొక్కుతున్న.

"తెల్వక రాయలేదు సార్" అన్నది. "ఆఫీసుల ఒక ఏడాది అని కింద రాస్త. సంతకం పెడత. పద్నాలుగు మాత్రం కొట్టెయ్య. కొట్టేస్తే మా నాయన ఎంబడి మోసింది మోయనట్టయితది."

"ఫారంలో రెండు లెక్కలు రాసే చోటు లేదమ్మా."

"అట్లయితే మీరే కొట్టెయ్యండి సార్. నా చెయ్యితోని కాదు."

కలం తిరిగి ఇచ్చింది. సార్ కలానికి టోపీ పెట్టి జేబుల వేసుకున్నడు. ఇగ నువ్వు నేర్పే పట్టీల లేవు, సాయంత్రం నేర్చుకునేటోళ్ళతోని కూసో అని చెప్పి జీపెక్కిండు. పిల్లల దిక్కు తిరిగి, బాయి ఎంత లోతని అడిగిండు. నలుగురైదుగురు ఒక్కసారే పదహారు గజాలని చెప్పిన్రు.

ఆ సాయంత్రం చాయకు కళావతి మళ్ళ గోడ కాడ నిలబడ్డది. ఈసారి ఒక్కతే కాదు. గుంపుల ఎనిమిది మంది కప్పులు పట్టుకొని ఆమె చుట్టే ఉన్నరు. వీళ్ళ చెప్పుల మీద, ప్యాంట్ల మీద ఎర్రమట్టి ఏందని ఆ ఇత్తడి గంట ప్రొఫెసరు అడగొచ్చి, బాయి సంగతి విని, చాయ సాసరు మీద వేలితోని పగుళ్ళు గీసి చూపిచ్చుకుంట అరగంట నిలబడ్డడు. ఈ పక్క సార్ సంతకం పడెటట్టు లేదు, ఆ పక్క ఈ నవ్వులేందని నాకు ఒళ్ళు మండింది. పరిచయాలు కడుపు నింపుతయా అనుకున్న.

మార్చిల కాయితం రాలేదు. పోస్టు మూసినం అన్నరు. ఆ ఫారం కారణమా, ఇంకేదన్న కారణమా ఏ కాయితంల రాయలేదు. ఇయ్యాల్టికీ నాకు తెల్వదు. వైకుంఠం సార్‌ను అడుగుదామని ఆఫీసు దాక పోయిన గని కళావతి గేటు కాడ నుంచే ఎనుకకు మర్లేసి తీస్కొచ్చింది.

ఆ ఎండాకాలం మా వాకిట్ల మాటలు బందయినయి. మొగులయ్య పని కోసం బాలాపూర్ దాక పోయి తిరిగొస్తుండె, ఎక్కడ చూసినా బోరు లారీలే. కళావతి బండ మీద కూసొని పాత నోట్సులు తిరగేసేది. కాశమ్మ నల్లా కాడ నా బిందె పక్కకు జరిపి, "అక్కా, నీ లెక్క మా పొయ్యి ఆర్పింది" అన్నది. పదమూడేండ్లల్ల ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాటకు నేను బిందె సగమే నింపుకొని లోపలికి పోయిన. మొగులయ్య మాత్రం నన్ను చూసి ఎప్పటి లెక్కనే తలకాయ ఊపేటోడు. ఆయన ఊపినకొద్దీ నాకు తలకాయ దించుకోబుద్ధయ్యేది.

జూన్ల పాలమూరు నుంచి లిఫాఫా వచ్చింది. పోస్టుమాన్ చేతుల నుంచి నేనే గుంజుకున్న. లోపల ఇంగ్లీషు. కళావతి వచ్చెదాక ఆ కాయితం పట్టుకొని వాకిట్ల చక్కర్లు కొట్టిన.

రాసినాయన విశ్వేశ్వర్. వాళ్ళ జిల్లాల కరువు. ఊరూరి బాయిలు చూసి, ఏ బాయిల ఏ రాయి, నీళ్ళు ఏ పగులు నుంచి వస్తున్నయి అని రాయాలె. వాళ్ళ ఆఫీసోళ్ళు ఒడ్డు మీద నిలబడి చూసి రాస్తున్నరట, దిగేటోళ్ళు దొరకలేదట. "ఆ దినం సార్‌కు నేను సగం మాటనే చెప్పిన. మూడేండ్ల నౌకరిల నేర్చుకోనిది ఆ బాయిల నేర్చుకున్న అనే సగం చెప్పలేదు. ఇప్పుడు మా ఆఫీసరుకు ఆ రెండో సగం చెప్పిన. గంట ప్రొఫెసరు కూడ నీ గురించి ఆయనకు ఉత్తరం రాసిండట. ఇంటర్వ్యూకు రా" అని ఉన్నది. కళావతి అది రెండుసార్లు చదివి చెప్పింది. మూడోసారి కాశమ్మ కోసం చదివింది.

అది ఎనిమిదేండ్ల కిందటి మాట. పాలమూరు జిల్లాల ఎన్ని బాయిలు దిగిందో ఆమెకే లెక్క లేదు. ఎనభై మూడుల నౌకరి పక్కా అయింది. మొగులయ్య అక్కడికి పోయినప్పుడల్ల బిడ్డ చూసొచ్చిన బాయిలు తనూ చూసి, ఇది ఏ మొద్దోడు తవ్విండని కొట్లాట పెట్టుకొని వస్తడు. సాలెం భాయ్ తోట ప్లాట్లయింది, బాయి పూడ్చి దాని మీద ఇండ్లు కట్టిన్రు. ఆ దారిల పోతే ఏ ఇంటి కింద ఉన్నదో చెప్పలేను. కాశమ్మ నాతోని మాట్లాడుతనే ఉన్నది, లొల్లి కూడ చేస్తనే ఉన్నది.

పోయిన నెల కళావతి వచ్చింది. చాయ తాగుకుంట కూసున్నం. ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న మాట అడిగేసిన. నేను చెప్పితే రాసినందుకే కదా ఆ నౌకరి పోయింది, ఎన్నడన్న నన్ను తిట్టుకున్నవా అని.

"తిట్టుకున్న పెద్దమ్మా" అన్నది. "మార్చిల మస్తు తిట్టుకున్న. ఏప్రిల్ల కూడ. జూన్ల యాదికి రాలేదు."

మే సంగతి చెప్పలేదు. నేను అడగలేదు.